చక్రం విప్పలేని చదువు

అందరూ అందలమెక్కితే మోసేవారెవరని మన పెద్దలు ప్రశ్నించారు. అందలాలు పోయాయి, బోయీలూ పోయారు. అయినా చేతికి మసి అంటని పని గొప్పదనీ, మసి అంటే పని తక్కువదనీ తలచే బుద్ధి మాత్రం మననుండి పోలేదు. ఈ సత్యం మాకు ఏ గ్రంథం వల్లనో తెలిసిందని చెప్పుకోలేము. ఒక సైకిలు వెనుక చక్రం వల్ల తెలిసింది. కనుక ఈ వ్యాసంలో ముందుగా ఆ చక్రం కథ చెప్పి, ఆ తరువాత మా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందూ, కళాశాల పాలకసంఘం వారి ముందూ ఉంచుతున్నాము.

చింతూరు శబరి ఒడ్డున ఉన్న మన్యపు ఊరు. భద్రాచలం నుండి జగదల్‌పూర్ పోయే రహదారి ఈ ఊరిమీదుగా కుంటకు సాగుతుంది. మరొకవైపు మారేడుమిల్లి ఘాట్ రోడ్డు అడవిలోకి ఎక్కుతుంది. 1959 వరకు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏట ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజన వేళ తిరిగి తూర్పు గోదావరికి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. జిల్లాల పేర్లు మారాయి గాని వాగులు మారలేదు. కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి నీరు వెనక్కి తన్ని పల్లెల మీద పడుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినపుడు ఈ ప్రాంతమంతా ఆ బాధను అనుభవించింది. అంతటి వరద లేని ఏడాదిలో సైతం వానకాలమంతా వాగులు దాటక తప్పని పల్లెలు అక్కడ ఉన్నాయి. వాగులో సైకిలును నడిపించి దాటించేవారికి నీరు మోకాలి దాకా వస్తుంది, అంటే చక్రం ఇరుసు దాకా వస్తుంది. ఈ చిన్న కొలతను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

కొన్నేండ్ల కిందట వానకాలం చివరలో మేము నలుగురం సైకిళ్ళమీద ఆ పల్లెలు చూడబోయాము. మొదటి రెండు రోజులూ వాగులు దాటడం మాకు వినోదంగానే ఉన్నది. మూడవ రోజున ఒక సైకిలు వెనుక చక్రం కరకరమనడం మొదలుపెట్టింది. కొంతదూరం పోగానే చక్రం పక్కలకు ఊగసాగింది. మరికొంత దూరానికి బిగుసుకుపోయింది. నలుగురం దిగి చుట్టూ చేరాము. ఒకరు గొలుసును చూశారు, ఒకరు టైరును నొక్కారు, ఒకరు బ్రేకును నిందించారు. జబ్బు ఇరుసులో ఉన్నదని ఎవరికీ తోచలేదు. తోచినా చేయగలిగింది లేదు, మా వద్ద ఒక్క పానా అయినా లేదు. వెనుక చక్రాన్ని గాలిలోకి ఎత్తిపట్టుకొని, ఇద్దరిద్దరం వంతులు వేసుకొని చింతూరు చేరేసరికి పొద్దు వాలింది.

అక్కడ రేకుల పంచ కింద ఒక వృద్ధుడు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. మాతో ఉర్దూలోను, పక్కనే కూర్చున్న కోయ రైతుతో ఆయన భాషలోను మాట్లాడుతున్నాడు. చక్రం విప్పి, కోను తీసి, హబ్బును ఒక పళ్ళెం మీదికి వంచాడు. ఇసుకతో కలిసిన నల్లని బురద, దానితోపాటు కొన్ని ఉక్కు గుండ్లు రాలాయి. వాటిలో ఒకటి రెండు ముక్కలైంది. "ఎంతవరకు చదివారు బాబూ?" అని అడిగాడు. చెప్పాము. ఆయన మనసులో లెక్కవేసుకొని, "నలుగురి చదువూ కలిపితే అరవై ఏండ్లు. ఇన్నేండ్లలో ఒక్క కోను విప్పడం మీకెవరూ చెప్పలేదా బేటా?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగా ఆశ్చర్యపడి అడిగాడు. మేము బదులు చెప్పలేకపోయాము.

పని చేస్తూ ఆయన తన సంగతి చెప్పాడు. తాను అయిదవ తరగతితో బడి మానాడట. "నేను పానా పట్టుకోబట్టి మా తమ్ముడు పుస్తకం పట్టుకున్నాడు. ఇప్పుడు పంతులు. సెలవులకు వస్తాడు. ఇంటికి వస్తాడు గాని దుకాణం వైపు రాడు" అని ఊరుకున్నాడు. మేమిచ్చిన డబ్బులో కొంత తిరిగి ఇచ్చివేశాడు. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. మా నలుగురిలో ఇద్దరి ఇండ్లలో అటువంటి అన్నలున్నారు.

ఇంటికి వచ్చాక మేము చేసిన మొదటి పని వెనుక చక్రం విప్పడం నేర్చుకోవడం. అదేమంత బ్రహ్మవిద్య కాదు. రెండు పానాలు, అందులో కోను పట్టుకోవడానికి వీలైన పలుచనిది ఒకటి, కొద్దిపాటి కిరసనాయిలు లేదా డీజిలు, పాతగుడ్డ, గ్రీజు, అంచు ఉన్న పళ్ళెం ఒకటి ఉంటే చాలును. ఖర్చు స్వల్పం. తొలిసారి మాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు గంట చాలును.

సైకిలును తలక్రిందులుగా, సీటు మీదా హ్యాండిలు మీదా నిలబెట్టాలి. ఇరుసుకు రెండువైపులా ఉన్న నట్లను వదులు చేయాలి. మన దేశపు మామూలు సైకిలులో మడ్‌గార్డు కడ్డీలు, క్యారియరు కాళ్ళు, స్టాండు, అన్నీ ఆ ఇరుసుకే తగిలి ఉంటాయి. ఏది ముందు, ఏది వెనుక ఉన్నదో చూసుకొని, తీసిన వాషర్లను తీసిన వరుసలోనే గుడ్డమీద పేర్చుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త పాటించనందుకు మేము మొదటిసారి బిగింపును మూడుమార్లు చేయవలసి వచ్చింది. కడ్డీ బ్రేకు ఉన్న సైకిలుకు రిమ్ము లోపలివైపు ఆనే బ్రేకు రబ్బర్లను సడలించి తప్పించాలి. ఆపైన చక్రాన్ని కొంచెం ముందుకు తోస్తే గొలుసు వదులవుతుంది. గొలుసును పళ్ళమీదనుండి తీసి పక్కకు తప్పించి, చక్రాన్ని వెనక్కి లాగితే ఊడివస్తుంది.

ఇక హబ్బు. గొలుసులేని వైపు, అంటే ఎడమవైపు మాత్రమే విప్పాలి. ముందు చెక్‌నట్టు, తరువాత వాషరు, తరువాత కోను. కుడివైపు కోనును కదపకుండా ఉంచితే తిరిగి బిగించేటపుడు ఇరుసు తన చోటనే నిలుస్తుంది. చక్రాన్ని పళ్ళెం మీద ఉంచి ఇరుసును మెల్లగా లాగితే గుండ్లు బయటికి వస్తాయి. మామూలు సైకిలు వెనుక హబ్బులో పావు అంగుళం గుండ్లు ఒక్కొక్క వైపు తొమ్మిది చొప్పున పద్దెనిమిది ఉంటాయి. లెక్క సరిపోయిందో లేదో అప్పుడే చూసుకోవాలి. అన్నిటినీ కడిగి, తుడిచి, వెలుతురులో పరీక్షించాలి. గుండు మసకబారినా, గీతలు పడినా ఆ ఒక్కదానినే కాక అన్నిటినీ మార్చడం మేలు. కోను మీద గుండ్లు నడిచే దారి నునుపుగా ఉండాలి. అక్కడ చిన్న గుంటలు కనిపిస్తే కోనును మార్చాలి. కొత్త గుండ్లను పాత గుంటలలో తిప్పితే అవి కూడా నాలుగు రోజులలో పాడవుతాయి.

శుభ్రమైన గిన్నెలలో గ్రీజు నింపి, గుండ్లను దానిలో వరుసగా అంటించి, ఇరుసు దూర్చి, కోనును వేళ్ళతో ఆనేదాకా తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి వదిలి, కోనును కదలకుండా పట్టుకొని చెక్‌నట్టు బిగించాలి. ఈ పనిలో విద్య అంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉన్నది. ఎక్కువ బిగిస్తే గుండ్లు నలుగుతాయి, వదిలితే చక్రం ఊగుతుంది. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఆ వృద్ధుడు మాకొక పరీక్ష చూపాడు. సైకిలును మామూలుగా నిలిపి, వెనుక చక్రాన్ని నేలనుండి ఎత్తి, గాలి కొట్టే వాల్వు పక్కకు వచ్చేటట్లు ఉంచి వదిలిపెట్టాలి. బిగువు సరిగా ఉంటే ఆ చిన్న వాల్వు బరువుకే చక్రం దానంతట తిరిగి, వాల్వు అడుగుకు చేరి నిలుస్తుంది. చక్రాన్ని పక్కలకు ఊపి చూస్తే కదలిక ఉండకూడదు. ఈ రెండూ సరిపోతే పని పూర్తి అయినట్లే. తిరిగి ఎక్కించేటపుడు చక్రం ఫోర్కు నడుమ ఉన్నదా, గొలుసు మధ్యలో నొక్కితే అరంగుళం నుండి ముప్పావు అంగుళం వరకు కదులుతున్నదా అని చూసి, నట్లను కుడి ఎడమలుగా కొంచెం కొంచెం బిగించాలి. బ్రేకు రబ్బర్లను యథాస్థానంలో బిగించి పరీక్షించకుండా సైకిలు ఎక్కరాదు.

వాగు నీరు చేసే హాని ఎటువంటిదో మాకు అప్పుడే బోధపడింది. ఇరుసుదాకా మునిగిన హబ్బులోకి నీరూ సన్నని ఇసుకా చేరతాయి. గ్రీజు పాడై, ఉక్కు తుప్పు పడుతుంది. మనం వినోదంగా దాటిన ప్రతి వాగూ ఆ గుండ్లను కొంత కొంత తింటూనే ఉంటుంది. వానకాలం ముగియగానే ఒకమారు విప్పి కడిగితే పోయే దోషానికి మేము ఒక దినమంతా కష్టపడ్డాము. మాకైతే అది ఒక దినమే. అదే వాగు దాటి రోజూ బడికి వచ్చే పిల్లకు అది ఎన్ని దినాల చదువో ఆలోచించాలి. చక్రం బిగుసుకుంటే పట్టణంలో వీధి చివర దుకాణం ఉంటుంది. మన్యపు పల్లెలో తండ్రికి తీరిక దొరకాలి, చేతిలో డబ్బు ఆడాలి, సంతరోజు రావాలి. అంతవరకు సైకిలు గోడకు ఆనుకొని ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉంటుంది.

సైకిలుకూ చదువుకూ గల సంబంధం ఊహ కాదు. 2006లో బీహారు ప్రభుత్వం ఉన్నత పాఠశాలలో చేరే బాలికలకు సైకిళ్ళకై డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి, తగిన వయసులో ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య అందువల్ల 32 శాతం పెరిగిందని తేల్చారు. మన రాష్ట్రంలో కూడా 'బడికొస్తా' పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచారు. ఇవి మెచ్చదగిన పనులే. అయితే సైకిలు ఇవ్వడం సగం పని మాత్రమే. దానిని నడిచే స్థితిలో ఉంచుకొనే నేర్పును ఇవ్వడం మిగిలిన సగం. ఆ రెండవ సగం ఏ ఖజానానుండీ రాదు, బడినుండీ కళాశాలనుండీ రావాలి.

చేతిపనిని చదువులో చేర్చాలనడం మా సొంత ఆలోచన కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యావేత్తలు సమావేశమై, ఏడేండ్ల నిర్బంధ ఉచిత విద్య మాతృభాషలో జరగాలనీ, ఒక చేతిపని ఆ విద్యకు కేంద్రం కావాలనీ తీర్మానించారు. ఆ తీర్మానానికి పాఠ్యరూపం కూర్చడానికి ఏర్పడిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన 1897లో హైదరాబాదులో జన్మించారు. జామియా మిలియా ఇస్లామియాను తీర్చిదిద్దిన ఆ విద్యావేత్తయే 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. మన కళాశాలల్లో వారి పటాలకు దండలు వేసే సందర్భాలు వస్తూనే ఉంటాయి. వారి ఆలోచనకు మాత్రం దండ వేయడంతో సరిపెట్టాము.

ఇంకా వెనక్కి పోతే, 1206లో అల్ జజరీ అనే యంత్రశిల్పి నీటిగడియారాల గురించీ, నీరు తోడే యంత్రాల గురించీ గొప్ప గ్రంథం పూర్తిచేశాడు. ఆ గ్రంథం పేరులోనే 'ఇల్మ్', 'అమల్' అనే రెండు మాటలు జంటగా ఉన్నాయి. మొదటిది తెలుసుకోవడం, రెండవది చేయడం. ఈ రెండవ మాటను తెలుగు ఏనాడో 'అమలు' అని తనదిగా చేసుకున్నది. మరమ్మతు, దుకాణం అనే మాటలూ ఆ తోవనే తెలుగింటికి వచ్చాయి. మన కళాశాలలో రెండు భాషల పిల్లలు ఒకే పంచలో కూర్చుంటారు. ఆ రెండు భాషలూ పుస్తకాలకంటె ముందు పనిముట్ల దగ్గరే, దుకాణాల దగ్గరే చెలిమి చేశాయని వారికి గుర్తు చేయడం మంచిది.

మా అభిప్రాయానికి కొన్ని ఆక్షేపణలు వినవచ్చాయి. మొదటిది: ఇది మోటారు వాహనాల కాలం, సైకిలు పాఠం ఎందుకు? నిజమే. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు, సాహిబాబాదులోని అట్లాస్ సైకిళ్ళ కర్మాగారం మూతపడింది. సైకిలు వెనుకటి వైభవంతో లేదు. కాని పేదవిద్యార్థి వాహనం ఈనాటికీ అదే. పైగా పాఠం సైకిలుతో ఆగదు. 1869లో ఫ్రాన్సులో జూల్ సురిరే పేటెంటు పొందిన గుండ్ల బేరింగే మోటారులోను, పంకాలోను, పిండిమరలోను తిరుగుతున్నది. భౌతికశాస్త్ర తరగతిలో ఘర్షణ గురించి పది మార్కుల సమాధానం రాసిన మాకు, జారే ఘర్షణ కంటె దొర్లే ఘర్షణ తక్కువ అన్న వాక్యానికి అర్థం ఆ పళ్ళెంలో గుండ్లు కడిగిన నాడే తెలిసింది.

రెండవ ఆక్షేపణ మరింత ఆలోచించదగినది. అందరూ ఇంట్లోనే బాగుచేసుకుంటే ఆ దుకాణాల వాళ్ళ పొట్ట కొట్టినట్లు కాదా? మేము అలా అనుకోవడం లేదు. ఫ్రీవీలు ఊడదీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. వంకరపోయిన రిమ్మును పుల్లలు సరిచేసి నిలబెట్టడానికి ఏండ్ల అభ్యాసం కావాలి. విరిగిన ఫోర్కును అతకడానికి కొలిమి కావాలి. ఇవన్నీ నిపుణుల పనులే, వారివద్దకే పోతాయి. కోను విప్పడం తెలిసినవాడికి మాత్రమే రిమ్ము నిలబెట్టడంలోని గొప్పతనం తెలుస్తుంది. తెలిసినవాడు బేరమాడడానికి సిగ్గుపడతాడు.

మూడవ ఆక్షేపణను ఎవరూ పైకి అనలేదు గాని అసలు అడ్డు అదే. కొడుకు చేతికి మసి అంటకూడదనే కదా కళాశాలకు పంపింది, మళ్ళీ ఆ మసేనా అని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. ఆ బాధ మాకు తెలుసు. పేదరికం వల్ల తప్పనిసరై పట్టిన పానాకూ, తెలివితో ఇష్టపడి పట్టే పానాకూ భేదం ఉన్నది. బడి మానిపించి పిల్లలను దుకాణంలో నిలబెట్టడాన్ని మేము సమర్థించడం లేదు. అది అన్యాయమే. కాని మన ఇండ్లలో ఒకరికి చేయి మిగిలింది, అక్షరం పోయింది. మరొకరికి అక్షరం దక్కింది, చేయి పోయింది. ఆ చదువుకున్నవాడు తన అన్న దుకాణం వైపు రావడానికి సిగ్గుపడితే ఆ చదువు ఇంటిని రెండుగా చీల్చినట్లే. ఈ నష్టానికి పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చినా పూడిక కాదు.

కనుక పాలకసంఘం వారికి మా విన్నపం స్వల్పమైనది. కళాశాల సైకిళ్ళు నిలిపే పంచలో ఒక మూల, రెండు జతల పానాలు, ఒక పళ్ళెం, ఒక గ్రీజు డబ్బా, వారానికి ఒక గంట. దీనికి పరీక్ష వద్దు, పట్టా వద్దు. విద్యార్థినులకు సమానంగా చోటు ఉండాలి. వాగు దాటే పిల్లలలో వారూ ఉన్నారు. నేర్పడానికి ఊళ్ళోని సైకిలు మిస్త్రీని గౌరవంగా పిలిచి, అధ్యాపకులకు వేసే కుర్చీయే ఆయనకూ వేసి, తగిన పారితోషికం ఇవ్వాలి. ఆయన అయిదవ తరగతి చదివారా, అదైనా చదవలేదా అన్న ప్రశ్న ఆ గంటలో ఉండకూడదు. మన విద్యార్థులు బదులుగా ఆయనకు కావలసిన ఉత్తరమో దరఖాస్తో రాసిపెట్టవచ్చు, ఆయన పిల్లలకు పాఠం చెప్పవచ్చు. అప్పుడు పుస్తకం పానాకూ, పానా పుస్తకానికీ అప్పు తీర్చుకున్నట్లవుతుంది.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పేది ఇంకా చిన్న మాట. కళాశాల మూల ఏర్పడేదాకా ఆగనక్కరలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ సెలవులలో మీ ఇంటి ముంగిట సైకిలు తలక్రిందులు చేయండి. మీ ఇంట్లో పానా పట్టిన అన్నో, బాబాయో, మామయ్యో ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. చదువుకున్న తమ్ముడు తనను అడిగి నేర్చుకున్నాడన్న సంగతి వారికి మీ పట్టాకంటె తక్కువ సంతోషం ఇవ్వదు.

చింతూరులో ఆ వృద్ధుడు అడిగిన ప్రశ్నకు నాడు మేము బదులు చెప్పలేకపోయాము. మరుసటి ఏట ఆయన దుకాణానికి వెళ్ళి, మా సైకిలు వెనుక చక్రాన్ని ఆయన ముందే విప్పి, కడిగి, బిగించాము. ఆయన ఏమీ అనకుండా చక్రాన్ని ఎత్తి, వాల్వును పక్కకు తెచ్చి వదిలాడు. అది మెల్లగా తిరిగి అడుగుకు వచ్చి నిలిచింది. "ఇప్పుడు పాసయ్యారు" అన్నాడు. మా చదువులో మాకు దక్కిన పట్టాలలో దానిని కూడా కలుపుకొని లెక్కవేసుకుంటున్నాము.